పోపుల డబ్బాలో క్యాన్సర్ మందు ఉందా?

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు నిజామాబాద్ జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులు, పసుపు రైతులు, ఊరివాళ్ళ ముందు ఒక కణజీవశాస్త్ర పరిశోధకురాలు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. మార్కెట్ సీజన్‌లో పని మానుకుని వచ్చిన రైతులకు ముందుగా థాంక్స్.

నన్ను పిలిచినప్పుడు ఈ ప్రసంగానికి 'పోపుల డబ్బాలో క్యాన్సర్ మందు' అని పేరు పెట్టారు. చివర ఒక ప్రశ్నార్థకం పెడితే వస్తానన్నాను. పెట్టారు. బ్యానర్ మీద కాస్త చిన్నగా పడింది గానీ, ఉంది. (నవ్వులు)

ఈ విషయం మీద వార్తలకు కొదవ లేదు. 2024 ఫిబ్రవరిలో ఐఐటీ మద్రాస్ వాళ్ళు ఒక ప్రకటన చేశారు. మసాలా దినుసులతో తయారుచేసిన నానో మందులకు పేటెంట్ తీసుకున్నామని, రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు లాంటి క్యాన్సర్ కణాల మీద అవి పనిచేశాయని, మామూలు కణాలకు హాని చేయలేదని చెప్పారు. మనుషుల మీద ట్రయల్స్ ఇంకా మొదలుపెట్టాల్సి ఉందని కూడా వాళ్ళే చెప్పారు. వాట్సాప్‌లోకి వచ్చేసరికి ఆ ఒక్క వాక్యం ఊడిపోయింది. మిగతాది మాత్రం మన పిన్నులకీ బాబాయిలకీ అందరికీ చేరింది.

నేను పసుపుకి వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో పసుపు లేకుండా పప్పు ఉడకదు. కానీ 'పసుపు క్యాన్సర్ కణాన్ని చంపుతుంది' అని ఎవరన్నా అంటే, ఎంత మోతాదులో అని అడగడం అలవాటైపోయింది. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ 'ఎంత' గురించే.

ముందు ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూద్దాం. క్యాన్సర్ కణాల మీద పరీక్ష అనగానే చాలామంది రోగి ఒంట్లోంచి గడ్డ తీసి దాని మీద మందు పోస్తారని అనుకుంటారు. అలా కాదు. మేం వాడేవి ఎప్పుడో సేకరించి, అప్పట్నుంచీ పెంచుకుంటూ వస్తున్న కణాలు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా ల్యాక్స్ అనే ఆవిడకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. ఆవిడను అడక్కుండానే ఆ గడ్డలోంచి కణాలు తీసుకున్నారు. ఆవిడ అదే ఏడాది చనిపోయింది. ఆ కణాలు ఈ రోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. వాటినే హీలా కణాలంటాం. రొమ్ము క్యాన్సర్‌కి ఎంసీఎఫ్-7, ఊపిరితిత్తులకి ఏ549, ఇలా చాలా ఉన్నాయి. మన దేశంలో చాలా ల్యాబులు వీటిని పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం, అంటే ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించుకుంటాయి.

ఇవి ఫ్లాస్కు అడుగున అంటుకుని పెరుగుతాయి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వేసి వాటిని ఊడదీసి, మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టి, 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో పోస్తాం. అరచేతిలో పట్టేంత ప్లేటు అది. ఒక్కో గుంటలో ఐదువేల నుంచి పదివేల కణాలు. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచుతాం. తెల్లారేసరికి కణాలు అడుగున అతుక్కుని కుదురుకుంటాయి. అప్పుడు మందు వేస్తాం.

మన మందు కర్కుమిన్ అనుకుందాం. పసుపుకి ఆ రంగునిచ్చేది అదే. 1815లోనే దాన్ని విడిగా తీశారు, 1910లో దాని నిర్మాణం తేల్చారు. పసుపు కొమ్ములో అది 2 నుంచి 5 శాతం ఉంటుంది, రకాన్ని బట్టి. నీళ్ళలో కరగదు. అందుకని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి వేస్తాం. ఆ డీఎంఎస్‌ఓ కూడా ఎక్కువైతే కణాల్ని చంపేస్తుంది. అందుకే కొన్ని గుంటల్లో మందు లేకుండా ఉత్త డీఎంఎస్‌ఓ అంతే మోతాదులో వేసి పక్కన పెట్టుకోవాలి. ఇంకొన్ని గుంటల్లో డాక్సోరుబిసిన్ లాంటి తెలిసిన క్యాన్సర్ మందు వేయాలి. ఈ రెండూ లేని గ్రాఫ్ ఎవరన్నా చూపిస్తే అక్కడితో ఆపేయొచ్చు, మిగతాది చదవక్కర్లేదు.

రెండు రోజులాగి, ఎన్ని కణాలు బతికున్నాయో చూడాలి. ఎక్కువమంది వాడేది ఎంటీటీ పరీక్ష. 1983 నుంచీ ఉంది, చవక, తేలిక. ఎంటీటీ అనేది పసుపుపచ్చటి రసాయనం. బతికున్న కణం దాన్ని లోపలికి తీసుకుని ఊదారంగు పలుకులుగా మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. మూడు నాలుగు గంటలయ్యాక ఆ పలుకుల్ని కరిగించి, 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిలో రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలుస్తాం. రంగు చిక్కగా ఉంటే కణాలు బతికున్నట్టు, పలచబడితే చచ్చినట్టు. సగానికి సగం రంగు తగ్గించిన మోతాదును ఐసీ 50 అంటారు. పరిశోధన పేపర్లన్నీ చివరికి చెప్పుకునేది ఈ ఒక్క అంకె.

ఇప్పుడు ఇక్కడున్న బీఎస్సీ పిల్లలు ఒక్క నిమిషం ఆలోచించండి. రంగును కొలిచే పరీక్ష ఇది. అందులో మనం వేస్తున్నది పసుపు. చేతికంటితే రెండు రోజులు పోని రంగు!

(ముందు వరుసలో ఎవరో: "రంగు కలిసిపోద్ది మేడం.")

కలిసిపోతుంది! కర్కుమిన్ 425 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా కాంతిని పీల్చుకుంటుంది. 570 దగ్గర తక్కువే, కానీ మోతాదు పెంచి, పైన ద్రవం సరిగ్గా తీయకపోతే లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, వంటింటి మొక్కల్లో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు చాలావరకు కణం అవసరం లేకుండా నేరుగా ఎంటీటీని ఊదారంగులోకి మార్చేయగలవు. అంటే కణాలన్నీ చచ్చిపోయినా బతికున్నట్టు చూపిస్తుంది. కాంతిని వెలువరించే రంగులతో కొలుద్దామా అంటే కర్కుమిన్ తానే మెరుస్తుంది. ఇంట్లో స్పిరిట్‌లో చిటికెడు పసుపు కలిపి, నోట్లు చూసే యూవీ లైటు కింద పెట్టండి. ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎటు తిరిగినా మధ్యలో ఇది ఉంటుంది.

ఇంకోటి. పారాణి ఎలా చేస్తారో మీకు తెలుసు. పసుపులో సున్నం కలపగానే ఎర్రబడుతుంది. క్షారం తగిలితే కర్కుమిన్ రూపం మారిపోతుంది, ఆ తర్వాత మెల్లగా విరిగిపోతుంది కూడా. కణాల్ని పెంచే ద్రవం పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది, అంటే కాస్త క్షారం వైపే. సీరం, అంటే రక్తంలోంచి తీసిన ద్రవం, లేని ద్రావణంలో, 37 డిగ్రీల దగ్గర, ఇంచుమించు ఈ పీహెచ్‌లోనే కర్కుమిన్ అరగంటలో 90 శాతం విరిగిపోతుందని 1997లోనే తేల్చారు. సీరం కలిపితే ఇంకొంచెం నిలబడుతుంది, ఎనిమిది గంటలకు సగం మిగులుతుంది. మరి రెండు రోజులు ప్లేటులో ఉంచి, 'కర్కుమిన్ కణాల్ని చంపింది' అని రాస్తే, చంపింది కర్కుమినా, విరిగిన ముక్కలా? చాలా పేపర్లు ఈ ప్రశ్న జోలికే పోవు.

2017లో అమెరికాలో కాథరిన్ నెల్సన్ అనే రసాయన శాస్త్రవేత్త, మరికొందరు కలిసి కర్కుమిన్ మీద పెద్ద సమీక్ష రాశారు. వాళ్ళ మాట ఏమిటంటే, కర్కుమిన్ దాదాపు ఏ ప్రోటీన్ మీద పరీక్షించినా పనిచేసినట్టే కనపడుతుంది. ఏ పెళ్ళి ఆల్బమ్ తెరిచినా ఒకాయన కనపడుతుంటాడు చూడండి, అలా. అన్ని ఫొటోల్లో ఉన్నాడని అందరికీ చుట్టం అయిపోడు. అన్ని పరీక్షల్లోనూ 'పాస్' అయ్యే పదార్థాన్ని మందుల కంపెనీల వాళ్ళు అనుమానంతోనే చూస్తారు. అప్పటికే 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయని, డబుల్ బ్లైండ్ పద్ధతిలో, అంటే ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టర్‌కీ తెలియకుండా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసినవాటిలో నెగ్గింది ఒక్కటీ లేదని కూడా వాళ్ళు రాశారు.

సరే, ల్యాబ్ చిక్కులన్నీ దాటాం అనుకుందాం. నిజంగానే కర్కుమిన్ క్యాన్సర్ కణాల్ని చంపింది. ఎంత మోతాదులో? పేపర్లలో మామూలుగా కనపడేది 10 నుంచి 50 మైక్రోమోలార్. ద్రవంలో మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత అది. తక్కువదే తీసుకుందాం, 10. బోర్డు మీద వేస్తున్నాను చూడండి. కర్కుమిన్ అణుభారం 368. కాబట్టి 10 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు సుమారు 3,680 నానోగ్రాములు.

ఇప్పుడు మనిషి. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో, క్లోమ క్యాన్సర్ ఉన్న పాతికమందికి రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ ఇచ్చారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 8 గ్రాముల పసుపు కాదు, 8 గ్రాముల కర్కుమిన్. మన పసుపులో 3 శాతం ఉంటుందనుకుంటే, రోజుకు పావుకిలో పైన పసుపు తిన్నట్టు. అంత ఇస్తే రక్తంలో ఎంత కనపడింది? మిల్లీలీటరుకు 22 నుంచి 41 నానోగ్రాములు.

3,680 ఎక్కడ, 41 ఎక్కడ? దాదాపు వంద రెట్లు తక్కువ. పేగుల్లోనూ లివర్లోనూ దానికి వేరే రసాయన ముక్కలు తగిలించి శరీరం బయటికి పంపించేస్తుంది. ఆ ట్రయల్‌లో లెక్కకు వచ్చిన 21 మందిలో ఇద్దరికి కాస్త ప్రభావం కనిపించింది. ఒకరిలో జబ్బు ఏడాదిన్నర పైగా పెరక్కుండా నిలబడింది, ఇంకొకరిలో గడ్డ బాగా కరిగింది గానీ కొద్దిరోజులే. ఇది నేను దాచను. కానీ పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు లేని ట్రయల్ అది. దాన్ని పట్టుకుని మందు అనలేం.

'మిరియాలతో కలిపి తీసుకోండి' అంటారు. దానికి మూలం బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో జరిగి 1998లో అచ్చయిన పని. 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములిస్తే రక్తంలో కర్కుమిన్ రెండువేల శాతం పెరిగింది. ఈ రెండువేల శాతం ఇప్పుడు ప్రతి కర్కుమిన్ సీసా మీదా ఉంటుంది. అబద్ధం కాదు. కానీ కనీకనపడనంత ఉన్నదాన్ని ఇరవై రెట్లు చేస్తే ఎంతవుతుంది? అత్యధికంగా మిల్లీలీటరుకు 180 నానోగ్రాముల దగ్గరికి వచ్చింది, అదీ ముప్పావుగంట దగ్గర, కాసేపే. మన బోర్డు మీద అంకె 3,680. శాతాలు చెప్పేవాళ్ళు అసలు అంకె చెప్పకపోతే కొంచెం జాగ్రత్తగా ఉండండి.

ఇందాక హ్యూస్టన్ అన్నాను. కర్కుమిన్‌కి ఇంత పేరు తెచ్చిన పరిశోధనలో పెద్ద భాగం అక్కడి భరత్ అగర్వాల్ గారి ల్యాబ్ నుంచి వచ్చింది. ఆయన పేపర్లలో బొమ్మల మీద సందేహాలొచ్చి, పత్రికలు ఇరవైకి పైగా వెనక్కి తీసుకున్నాయి. ఈలోగా వాటిని ఆధారం చేసుకుని ఎంతమంది ఎన్ని థీసిస్‌లు రాశారో! మన యూనివర్సిటీల్లో కూడా రాశారు. ఆ పిల్లల సంగతి తల్చుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది.

మన హైదరాబాద్‌లోనే, జాతీయ పోషకాహార సంస్థలో, జరిగిన ఒక చిన్న పని మాత్రం నాకు నచ్చుతుంది. పొగతాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు, నెలరోజులు ఇచ్చారు. కర్కుమిన్ మాత్రలు కాదు, పసుపే, ఇంచుమించు వంటింటి మోతాదే. మూత్రంలో జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. 1992లో వచ్చింది. క్యాన్సర్ తగ్గిందని వాళ్ళు అనలేదు, కొలిచిందే చెప్పారు. కొద్దిమంది మీద చేసిన పనే, కానీ మనిషి తినగలిగే మోతాదుతో మొదలుపెట్టారు చూశారా, అదీ లెక్క.

మిరపకాయ సంగతి కూడా క్లుప్తంగా. గుంటూరు వాళ్ళు ఎవరన్నా ఉంటే ఏమనుకోవద్దు. 2006లో లాస్ ఏంజెలెస్‌లో ఎలుకలకు మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సాయిసిన్ పట్టిస్తే ప్రొస్టేట్ గడ్డలు ఐదోవంతు సైజులోనే ఉన్నాయి. మనిషి బరువుకి లెక్కగడితే వారానికి మూడుసార్లు 400 మిల్లీగ్రాములు. ప్రపంచంలోనే ఘాటైన రకాల్లో ఒకటైన హబనేరో మిరపకాయలు, విడతకు మూడు నుంచి ఎనిమిది. మరోపక్క మెక్సికో సిటీలో 1994 నాటి అధ్యయనంలో మిరపకాయ బాగా తినేవాళ్ళకి కడుపు క్యాన్సర్ ఎక్కువ కనపడింది. ఒకే కాయ, రెండు కథలు.

మరి మొక్కల్లోంచి మందే రాదా అంటే, ఎందుకు రాదు? మన పెరట్లో బిళ్ళగన్నేరు ఉందిగా. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్తకి, జమైకాలో షుగర్‌కి వాడతారని చెప్పి ఆ ఆకులు పంపించారు. షుగర్ తగ్గలేదు. కానీ ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు లుకేమియా కదా, అని ఆయన, చార్ల్స్ బీర్ కలిసి విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరు చేశారు. అదే మొక్కలోంచి వచ్చిన విన్‌క్రిస్టీన్ ఈ రోజుకీ పిల్లల లుకేమియాకి ఇస్తారు. ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. అయినా సరిపోతుంది, ఎందుకంటే మోతాదు ఒకటి రెండు మిల్లీగ్రాములు. అది నానోమోలార్‌లో, అంటే మైక్రోమోలార్‌లో వెయ్యోవంతు మోతాదుల్లో పనిచేస్తుంది, మైక్రోమోలార్‌లో కాదు. కణం విడిపోయేటప్పుడు వాడే ఒక ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పనిచేసే మందుకీ, పనిచేసినట్టు కనపడే మందుకీ మధ్య తేడా అక్కడుంది. భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ ల్యాబులో తయారైన అమినోప్టెరిన్ అనే మందు కూడా అంతే. ఫోలిక్ యాసిడ్ దారి అడ్డుకుంటే కణం ఆగుతుందని తెలిసి చేసినది, 1948 నాటికే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా ఉన్న పిల్లలకిచ్చి చూపించాడు.

దినుసులకి పూర్తిగా వేరే ఉపయోగం ఉంది, దాన్ని ఎవరూ హెడ్డింగ్ పెట్టరు. కీమో తీసుకునే 576 మంది మీద అమెరికాలో చేసిన ట్రయల్‌లో, రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం వికారాన్ని తగ్గించింది. 2012లో వచ్చింది. క్యాన్సర్ కణం జోలికి వెళ్ళనే లేదు. కానీ అన్నం ముద్ద దిగని మనిషికి ఆ పూట దిగితే అది తక్కువా?

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక రైతు: "మేడం, మా పసుపుల కర్కుమిన్ తక్కువుంటదని సాంగ్లీ వ్యాపారులు ధర కోస్తరు. మీరేమో క్యాన్సర్‌కు పనిచెయ్యదంటున్నరు. మరి మేము ఇది పండియ్యాల్నా, వద్దా?")

పండించండి అన్నా! వ్యాపారి కర్కుమిన్ శాతం అడిగేది ఎక్కువగా రంగు తీసే కంపెనీల కోసం, మాత్రల కంపెనీల కోసం. ఆహారంలో కలిపే రంగుగా దానికి ప్రపంచమంతా గిరాకీ ఉంది. మన పసుపు బోర్డు 2025 జనవరిలో ఇక్కడే మొదలైంది కదా, శాతం కొలిచే పరీక్ష మీ ఊళ్ళోనే అందుబాటులో ఉంచమని అడగండి, వ్యాపారి చెప్పిన అంకె మీద ఆధారపడే పని తప్పుతుంది. ఇంకో మాట, మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే దళారులు ఎక్కడ కనపడినా ఊరుకోకండి. అది సీసం. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసానికి ముఖ్య మూలం ఇలా కల్తీ అయిన పసుపేనని 2019లో తేలింది. మీ పంట పేరు పాడయ్యేది దానివల్లే.

(ఒక మహిళ: "మా ఆయనకు కీమో నడుస్తున్నది. ఎవరో చెప్తే కర్కుమిన్, మిరియాలు కలిసిన గోళీలు తెప్పించిన. ఇయ్యొచ్చా?")

ఇవ్వకండమ్మా. ముందు ఆ సీసా తీసుకుని ఆయన్ని చూసే డాక్టర్‌కి చూపించండి. పైపెరిన్, లివర్లో మందుల్ని విరిచే ఎంజైమ్‌ను ఆపుతుంది. దాంతో కీమో మందు రక్తంలో ఉండాల్సినదానికన్నా ఎక్కువైపోవచ్చు. రొమ్ము క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద చేసిన ఒక పరిశోధనలో, 2002లో, కర్కుమిన్ కొన్ని కీమో మందుల పనిని తగ్గించింది కూడా. ఈ మాత్రలు వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి అమెరికాలో 2022లో పది కేసులు రాశారు, ఒకరు చనిపోయారు. కూరలో వేసే పసుపుకి ఈ భయం లేదు. అది మామూలుగానే వేయండి. ఆ గోళీలు తెప్పించినట్టు డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి, తిట్టినా పర్లేదు.

(ఒక విద్యార్థి: "ఎంటీటీ నమ్మలేమంటే మేం ప్రాజెక్ట్‌లో ఏం వాడాలి మేడం?")

ఎంటీటీనే వాడు నాన్నా, కానీ ఒక్కదాన్నే నమ్మకు. కణాలు లేని గుంటల్లో కర్కుమిన్, ఎంటీటీ మాత్రమే వేసిన వరుస ఒకటి తప్పకుండా పెట్టు. రంగు మార్చేది నీ మందేనా, కణమా అని అక్కడే తెలుస్తుంది. కొలిచేముందు పాత ద్రవం తీసేసి కణాల్ని కడుగు. పక్కన ట్రిపాన్ బ్లూ అనే రంగు వేసి చేత్తో లెక్కపెట్టు. చచ్చిన కణం నీలంగా మారుతుంది, బతికున్నది మారదు. టైముంటే కొద్ది కణాలకే మందు వేసి, తర్వాత ఆ మందు తీసేసి, పది పన్నెండు రోజులాగి ఎన్ని గుంపులుగా పెరిగాయో చూడు. మామూలు కణాల ప్లేటు కూడా అదే రోజు, అదే మందుతో పెట్టు. అదీ ఇదీ ఒకే మోతాదులో చస్తే నువ్వు కనిపెట్టింది విషం, మందు కాదు. మోతాదులు కూడా 10 దగ్గర మొదలుపెట్టకు, 0.05 మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టు. రంగు కొలిచే యంత్రంలో పెట్టేముందు ప్లేటును ఒకసారి మైక్రోస్కోప్ కింద కళ్ళతో చూడు. అడుగున పసుపుపచ్చ పలుకులు కనపడితే మందు కరగలేదని అర్థం. ఆ గుంటల అంకెలు గ్రాఫ్‌లో వేయకు.